కారు అలారం: కంపెనీదే చాలా, బయట బిగించుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. కొత్త కారు బుక్ చేసినవాళ్లు, పాతది కొన్నవాళ్లు, రాత్రి రెండింటికి అలారం మోగి పక్కింటివాళ్లతో మాటలు పడ్డవాళ్లు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతుంటారు. చెప్పిందే చెప్పడం కన్నా ఒకసారి రాసిపెడితే నయమనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్లండి.

## కారు కొనకముందు

బ్రోచర్‌లో "ఇమ్మొబిలైజర్" అని ఉంది. అంటే అలారం ఉన్నట్టే కదా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇమ్మొబిలైజర్ మూగది, అరవదు. కీ తలకాయలో బియ్యపు గింజంత చిప్ ఒకటి ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. కీ పెట్టి తిప్పగానే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న రింగు ఆ చిప్‌ను కోడ్ అడుగుతుంది. కోడ్ కలవకపోతే ఇంజిన్ కంప్యూటర్ బండిని స్టార్ట్ కానివ్వదు. రోడ్డు పక్కన చేయించిన నకలు కీతో తలుపు తెరుచుకున్నా ఇంజిన్ మాత్రం కదలకపోవడానికి కారణం ఇదే. మారుతి కార్లలో దీన్నే ఐక్యాట్స్ అంటారు. అలారం పని వేరు: తలుపు తెరిచారనో, కారు కుదిపారనో నలుగురికీ వినబడేలా కూయడం. బ్రోచర్‌లో "సెక్యూరిటీ అలారం" లేదా "యాంటీ థెఫ్ట్ అలారం" అని విడిగా రాసి ఉంటేనే అది ఉన్నట్టు.

బేస్ మోడల్ తీసుకుని బయట అలారం పెట్టిస్తే లక్ష మిగులుతుందిగా?

అలారం కోసమే పై వేరియంట్‌కు వెళ్లాలనుకుంటే అక్కర్లేదు. నాలుగు తలుపులకు రిమోట్ లాకింగ్, సైరన్, షాక్ సెన్సార్ కలిపిన కిట్ ఫిట్టింగ్‌తో సహా సాధారణంగా రెండు వేల నుంచి ఐదు వేల రూపాయల్లో అయిపోతుంది. కానీ ఆ లక్షలో వెనక వైపర్, డీఫాగర్, మంచి సీట్లు లాంటివి వస్తుంటే ఆ లెక్క వేరు. ఇంకొకటి చూడండి. బేస్ మోడల్‌లో పవర్ లాకింగ్ అసలే లేకపోతే నాలుగు తలుపుల ప్యాడ్లూ విప్పి మోటార్లు పెట్టాలి. ప్యాడ్ ఒకసారి విప్పితే క్లిప్పులు రెండు మూడు విరుగుతాయి. కొత్త క్లిప్పులు వేయమని ముందే చెప్పకపోతే, ఆర్నెల్ల తర్వాత గతుకుల రోడ్డు మీద తలుపు కటకటలాడుతుంది.

కంపెనీ అలారం ఏమేం కనిపెడుతుంది?

మన దగ్గర అమ్ముడయ్యే మామూలు కార్లలో చాలావాటికి తలుపులు, డిక్కీ, బానెట్ తెరిస్తేనే తెలుస్తుంది. అద్దం పగలగొట్టి సీటు మీద బ్యాగ్ తీసుకుపోతే దానికి తెలియదు. షోరూమ్‌లోనే మీరు పరీక్షించుకోవచ్చు. డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, బయట నిలబడి రిమోట్‌తో లాక్ చేసి, ఒక నిమిషం ఆగండి. కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీది బ్యాగ్ బయటికి తీయండి. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి తలుపు తెరవండి. తలుపుకే మోగిందంటే లోపల కదలికను పసిగట్టే సెన్సార్ లేదని అర్థం. బ్యాగ్ తీసేటప్పుడే మోగిందంటే ఆ సెన్సార్ ఉంది. ఎక్కువగా ఖరీదైన కార్లలోనే అది కనిపిస్తుంది. సేల్స్ కుర్రాడు కాస్త కంగారుపడతాడు, పర్వాలేదు.

మరి బయటి అలారంలో అదనంగా ఏముంటుంది?

ముఖ్యంగా షాక్ సెన్సార్. అద్దం మీద దెబ్బ పడినా, కారును గట్టిగా కుదిపినా ఇది పట్టేస్తుంది. రెండోది విడి సైరన్. కంపెనీ అలారం చాలా కార్లలో మామూలు హారన్‌నే మోగిస్తుంది, మన ఊళ్లలో హారన్ వింటే తల తిప్పి చూసేవాళ్లెవరు? మిగతావన్నీ, అంటే పార్కింగ్‌లో కారు వెతికిపెట్టడం, రకరకాల కూతలు, రిమోట్ మీద నీలం లైటు లాంటివి డబ్బా మీద రాసుకోవడానికే పనికొస్తాయి.

దొంగ అసలు అలారానికి భయపడతాడా?

ఏ దొంగ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫంక్షన్ హాల్ బయట ఆపిన కారులో ల్యాప్‌టాప్ కోసం అద్దం పగలగొట్టేవాడు భయపడతాడు. వాడికి కావాల్సింది పది సెకన్ల నిశ్శబ్దం. వాడి విషయంలో షాక్ సెన్సార్‌కు పెట్టిన డబ్బు దండగ కాదు. కారునే పట్టుకుపోయేవాడు వేరే రకం. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది, మెకానిక్ స్కానర్ తగిలించేది అక్కడే. తలుపు తెరిచాక అక్కడ యంత్రం పెట్టి కొత్త కీని బండికి నేర్పించేవాళ్లున్నారు. ఢిల్లీ వైపు పోలీసులు పట్టుకున్న ముఠాల దగ్గర ఇలాంటి పరికరాలే దొరికాయి. కొత్త కీని బండి తనదే అనుకుంటుంది కాబట్టి ఇమ్మొబిలైజర్ దారి ఇచ్చేస్తుంది, కంపెనీ అలారం కూడా నోరు మూసుకుంటుంది. అలాంటివాడికి పని ఆలస్యమయ్యేలా చేసేది ఇనుము: గేర్ లాక్, స్టీరింగ్ రాడ్, ఓబీడీ పోర్టుకు తాళం. వినడానికి మోటుగా ఉంటుంది గానీ, ఇంటి బయట రోడ్డు మీద రాత్రంతా కారు ఆపేవాళ్లకు నేను మొదట గేర్ లాక్ చెప్పి, తర్వాతే అలారం మాట ఎత్తుతాను.

మాది బటన్ స్టార్ట్ కారు. కీ ఇంట్లో ఉండగానే కారు ఎత్తుకుపోతారంటున్నారు, నిజమేనా?

సాధ్యమే. ఒకడు మీ గుమ్మం దగ్గర యాంటెనాతో, ఇంకొకడు కారు దగ్గర రెండో పెట్టెతో నిలబడతారు. హాల్లో మేకుకు తగిలించిన కీ, కారు పక్కనే ఉన్నట్టు సిగ్నల్‌ను సాగదీస్తారు. కారు నమ్మి తెరుచుకుంటుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. కీని వీధి గుమ్మానికి దూరంగా పెట్టండి, సిగ్నల్ ఆపే పౌచ్ కొనండి, లేదా గట్టిగా మూత పడే రేకు డబ్బాలో వేయండి. డబ్బా పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే కీతో సహా దాన్ని కారు దగ్గరికి తీసుకెళ్లి, హ్యాండిల్ మీది బటన్ నొక్కి చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు. కొన్ని కార్లలో రాత్రిపూట కీని నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి.

## షోరూమ్‌లో ఉన్నప్పుడు

షోరూమ్ వాళ్లే "జెన్యూన్ యాక్సెసరీ" అంటూ అలారం అమ్ముతున్నారు. అది కంపెనీ అలారమేనా?

ఫ్యాక్టరీలో బిగించింది మాత్రం కాదు. ఫ్యాక్టరీ అలారం బండి కంప్యూటర్‌లోనే ఒక భాగం. ఇది వేరే సంస్థ తయారుచేస్తే కార్ల కంపెనీ పరీక్షించి తన పేరు మీద అమ్మేది. చెడ్డదేమీ కాదు, మంచి లాభమే ఉంది: మీ మోడల్‌కు సరిపడే కప్లర్‌తో, అంటే వైర్లు నేరుగా తగిలించే ప్లగ్గుతో వస్తుంది, వైరు కోయక్కర్లేదు. ధర బయటికన్నా ఎక్కువే ఉంటుంది. బిల్లులో పార్ట్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. పార్ట్ నంబర్ లేకుండా "యాక్సెసరీస్ కిట్" అని గుండుగుత్తగా రాస్తే, బయటి దుకాణం సరుకునే షోరూమ్ ధరకు కొన్నారేమోనని అనుమానించాల్సిందే.

బయట ఫిట్టింగ్ చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా?

మొత్తం పోదు. గేర్‌బాక్స్ చెడిపోతే అలారం సాకు చూపించి తప్పించుకోవడం కుదరదు. కానీ కోసి అతికిన వైర్లున్న చోట లోపం వస్తే, ఆ వైరింగ్‌కూ దానికి కలిసిన కంట్రోల్ యూనిట్‌కూ వారంటీ ఇవ్వమంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. డోర్ లాకుల్ని నడిపే కంప్యూటర్ మార్చాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. కాబట్టి వారంటీ ఉన్నన్నాళ్లు కప్లర్‌తో వచ్చే కిట్టే పెట్టించండి. "ఏం కాదు సార్, ఎన్ని బండ్లకు చేశాం" అనే మాట వారంటీ కార్డు మీద చెల్లదు.

కంపెనీ రిమోట్‌ను అలాగే ఉంచి, దానికే సైరన్, షాక్ సెన్సార్ కలపొచ్చా?

కలపొచ్చు. కంపెనీ రిమోట్ లాకింగ్ ఉన్న కార్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. లాక్ మోటారుకు వెళ్లే సిగ్నల్‌ను చూసి అలారం ఆన్, ఆఫ్ అవుతుంది. జేబులో రెండో రిమోట్ ఉండదు. కంపెనీ రిమోట్లు చాలావరకు నొక్కిన ప్రతిసారీ కోడ్ మార్చుకుంటాయి కాబట్టి వాటిని గాలిలో పట్టి నకలు తీయడం కష్టం. చౌక కిట్ల రిమోట్లలో కొన్ని ఎప్పుడూ ఒకే కోడ్ పంపిస్తాయి. అలాంటిది కొంటే, తాళం వేసి చెవి గుమ్మం మీదే పెట్టి వెళ్లినట్టు. కిట్ కొనేటప్పుడు "రోలింగ్ కోడ్" అని డబ్బా మీద ఉందో లేదో చూడండి.

## బిగించేటప్పుడు

మంచి పనివాడని ఎలా గుర్తుపట్టాలి?

చేతిలో ఏముందో చూడండి. వైరు కనుక్కోవడానికి మల్టీమీటర్ వాడుతున్నాడా, బల్బు కట్టిన టెస్టర్‌తో కనబడ్డ వైరునల్లా పొడుస్తున్నాడా? ఎయిర్‌బ్యాగ్ వైర్లకు పసుపు కప్లర్లు ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. అతుకు వేసేచోట టంకం పెట్టి, పైన కుదించుకుపోయే స్లీవ్ తొడగాలి. ఉత్త టేపు చుడితే బెజవాడ మే నెల ఎండకు జిగురు కారిపోయి, వర్షాకాలానికి వైరు బట్టలిప్పుకుని నిలబడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని వైరు రాసుకుంటే అలారం కాదు, మంట వస్తుంది.

సైరన్ మూతి నేలవైపు ఉండాలి. పోయినేడు ఒకాయన "వాన పడితే చాలు, కారు ఏడుస్తోంది" అంటూ వచ్చారు. బానెట్ ఎత్తితే సైరన్ గిన్నెలా పైకి చూస్తోంది, దాని నిండా నీళ్లు. ఒక్క బోల్టు వదులు చేసి తిప్పేస్తే సరిపోయింది. అంతకుముందు ఆయన రెండు రిమోట్లు మార్చారట.

అలారంతో పాటు "ఇంజిన్ కట్" కూడా పెడతామంటున్నారు. పెట్టించుకోనా?

ఎక్కడ కట్ చేస్తారని అడగండి. స్టార్టర్ మోటార్ వైరు మీద రిలే, అంటే కరెంటును కలిపి తెంచే స్విచ్, పెడితే ప్రమాదం లేదు. అది చెడిపోయినా బండి స్టార్ట్ కాదు, అంతే. ఫ్యూయల్ పంపు మీదో ఇగ్నిషన్ మీదో పెడితే మాత్రం రెండు వందల రూపాయల రిలే ఒకటి హైవే మీద వంద స్పీడులో మీ ఇంజిన్‌ను ఆపేయగలదు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కవచ్చు, బ్రేకు గట్టిపడుతుంది. కొన్ని కిట్లలో "యాంటీ హైజాక్" అని ఒకటుంటుంది. నడుస్తున్న బండిలో తలుపు తెరుచుకుంటే కాసేపటికి ఇంజిన్ ఆపేస్తుంది. పిల్లలు తలుపు సరిగా వేయకపోయినా అది హైజాక్ అనుకుంటుంది. దాన్ని తీసేయించండి. కారులో ఇమ్మొబిలైజర్ ఉంటే ఈ కట్‌లు ఏవీ అక్కర్లేదని నా ఉద్దేశం.

ఎలక్ట్రిక్ కారుకు బయటి అలారం పెట్టొచ్చా?

ఎలక్ట్రిక్ కారులోనూ లాకులు, లైట్లు, హారన్ నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే. అలారం కూడా దానికే కలపాలి. నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి, ప్రాణం తీస్తాయి. ఆ 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కోదు. ఇలాంటి కార్లకు షోరూమ్ యాక్సెసరీ తప్ప వేరేది నేను పెట్టను.

## రోజూ వాడేటప్పుడు

రాత్రిళ్లు ఊరికే మోగుతోంది. అపార్ట్‌మెంట్‌లో గొడవలవుతున్నాయి. ఏం చేయాలి?

పదిలో ఎనిమిదిసార్లు షాక్ సెన్సార్ మరీ సున్నితంగా పెట్టడమే కారణం. డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టెంత డబ్బా ఉంటుంది, దాని మీద చిన్న స్క్రూ. పావు తిప్పు తగ్గించండి, కారు లాక్ చేసి ఒక నిమిషం ఆగి, అరచేత్తో అద్దం మీద తట్టండి. మెల్లగా తడితే మోగకూడదు, పిడికిలితో గట్టిగా కొడితే మోగాలి. అలా కుదిరేదాకా పావు తిప్పు చొప్పున సవరించండి. వినాయక నిమజ్జనం డప్పులకు, దీపావళి లక్ష్మీబాంబులకు ఏ సెట్టింగైనా మోగుతుంది. ఆ రెండు రోజులూ షాక్ సెన్సార్ ఆపేసి పెట్టుకోవడమే మేలు, చాలా కిట్లలో రిమోట్ మీదే ఆ వీలుంటుంది.

కంపెనీ అలారం ఊరికే మోగుతుంటే బానెట్ స్విచ్ చూడండి. దుమ్ము పట్టి ఇరుక్కుంటే బానెట్ తెరిచే ఉందనుకుంటుంది. సెల్లార్‌లో ఎలుకలుంటే వైర్లు కూడా చూడాలి. వానాకాలంలో ఇంజిన్ వెచ్చదనానికి చేరి, చేరినందుకు గుర్తుగా నాలుగు వైర్లు కొరికి పోతాయి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే అలారం వల్ల బ్యాటరీ దిగిపోతుందా?

లెక్క వేద్దాం. బయటి అలారం కాపలా కాస్తూ 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకోండి, కారు తన సొంతానికి 30 తాగుతుందనుకోండి. రెండూ కలిపి 50. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పది రోజులకు 12. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. కొత్తదైతే స్టార్ట్ అవుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే మొరాయించవచ్చు. నెల రోజులైతే 36 అవుతుంది, అంటే ఉన్నదంతా అయిపోయినట్టే. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్లేవాళ్లు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పించి వెళ్లండి. సొంత బ్యాటరీ ఉన్న సైరన్ అయితే వైరు విప్పగానే కూస్తుంది, ముందు దాని తాళం తిప్పి ఆపాలి.

రిమోట్ పనిచేయడం లేదు. కీతో తలుపు తెరిస్తే కారు అరుస్తోంది. నడిరోడ్డు మీద ఉన్నాను!

కంగారుపడకండి. కంపెనీ అలారమైతే కీ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. మీ కీ గుర్తుపట్టగానే చాలా కార్లు ఊరుకుంటాయి. బటన్ స్టార్ట్ అయితే సెల్ అయిపోయిన కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కి చూడండి, కొన్ని మోడళ్లలో కీ పెట్టడానికి వేరే చోటు ఉంటుంది. బయటి అలారమైతే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫిట్టింగ్ రోజున దాచిపెట్టిన వాలే స్విచ్ (రిమోట్ లేకుండా అలారాన్ని ఆపేది) నొక్కాలి. అది ఎక్కడుందో ఫిట్టింగ్ రోజే అడిగి ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సెల్ సంగతికొస్తే కంపెనీ కీల్లో ఎక్కువగా బిళ్ల సెల్, సీఆర్ 2032 లాంటిది ఉంటుంది. బయటి రిమోట్లలో తరచుగా చిటికెన వేలు గోరంత సన్నగా ఉండే 12 వోల్టుల 27ఏ సెల్ ఉంటుంది. అది చిన్న కిరాణా కొట్లో దొరకదు, ఒకటి ముందే కొని కారు బయట, మీ పర్సులో పెట్టుకోండి.

అమ్మను కారులో కూర్చోబెట్టి లాక్ చేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అలారం, చుట్టూ జనం. ఎందుకలా?

మీరు బయటి నుంచి రిమోట్‌తో లాక్ చేస్తే లోపల ఎవరూ లేరనుకుని అలారం కాపలాకు దిగుతుంది. ఆవిడ ఉక్కపోసి తలుపు తెరిచారు, అది దొంగ అనుకుంది. లోపల మనుషులుంటే రిమోట్ నొక్కకండి, లోపలి నుంచి వాళ్లనే లాక్ నొక్కమనండి. అలాగైతే అలారం ఆన్ కాదు. నిజానికి పెద్దవాళ్లనైనా పిల్లలనైనా మన ఎండల్లో లాక్ చేసిన కారులో వదలనే వదలకూడదు.

## ఇన్సూరెన్స్, దొంగతనం

అలారం ఉంటే ప్రీమియం తగ్గుతుందట కదా?

తగ్గుతుంది, పండగ చేసుకునేంత కాదు. పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం అయి, బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువీకరణ ఉంటే ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి కట్టే భాగం) ప్రీమియంలో 2.5 శాతం తగ్గింపు, అదీ గరిష్ఠంగా 500 రూపాయలు. ఓన్ డ్యామేజ్ 8,000 అయితే మీకు మిగిలేది 200. డెకార్స్ దుకాణంలో కొనే కిట్లలో చాలావాటికి ఆ సర్టిఫికెట్ ఉండదు. "ఇన్సూరెన్స్ సగం తగ్గుతుంది" అన్నవాడిని కాగితం చూపించమనండి.

కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు కీలూ అడుగుతారా?

అడుగుతారు. ఒక కీ తక్కువైతే కారు మీ నిర్లక్ష్యం వల్లే పోయిందేమోనని సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. కీ పోయిన రోజే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఇన్సూరెన్స్‌కు తెలియజేసి, పాత కీని బండి మెమరీ నుంచి తీసేయించండి. కారు పోతే వెంటనే ఎఫ్‌ఐఆర్, ఇన్సూరెన్స్‌కు ఫోన్, ఆర్టీఓకు లేఖ. కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే నాన్ ట్రేసబుల్ రిపోర్టు వచ్చాకే డబ్బు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు, మీ దగ్గర ఎన్ని అలారాలున్నా సరే.

జీపీఎస్ ట్రాకర్ పెట్టించుకుంటే అలారం అవసరమా?

రెండూ వేరు. అలారం దొంగతనం జరిగేటప్పుడు పనికొస్తుంది, ట్రాకర్ జరిగాక. ట్రాకర్‌కు సిమ్ ఉంటుంది, ఏటా రీఛార్జ్ మర్చిపోతే అది ఉత్త డబ్బా. రెండో సెల్లార్‌లో సిగ్నల్ అందదు. హ్యుందాయ్ బ్లూలింక్ లాంటి కనెక్టెడ్ ఏర్పాటు ఉన్న కార్లలో దొంగిలించిన బండిని వెతకడం, మళ్లీ స్టార్ట్ కాకుండా ఆపడం కంపెనీయే చేస్తుంది. ఉచిత గడువు ముగిశాక చందా కట్టారా అన్నది చూసుకోండి. సగం మందికి గడువు అయిపోయిన సంగతే తెలియదు.

## పాత కార్లు

సెకండ్ హ్యాండ్ కారులో పాత ఓనర్ పెట్టించిన అలారం ఉంది. ఉంచుకోనా, తీయించనా?

రెండు రిమోట్లూ చేతికొచ్చాయా? వాలే స్విచ్ ఎక్కడుందో పాత ఓనర్ చెప్పాడా? ఈ రెండింటికీ అవునంటేనే ఉంచుకోండి. ఉంచినా రిమోట్లను కొత్తగా నేర్పించి, పాతవి చెరిపించండి. లేకపోతే మూడో రిమోట్ ఎవరి డ్రాయర్‌లో ఉందో మీకు తెలియదు. తీయించేటట్టయితే డబ్బా పీకి వైర్లు వేలాడదీయడం కాదు, కోసిన ప్రతి వైరునూ మళ్లీ అసలు చోట కలపాలి. దానికి కొత్తది బిగించడం కన్నా ఎక్కువ టైం పడుతుంది, కూలి ఎక్కువ అడిగితే బేరమాడకండి.

మా అబ్బాయి అమెరికాలో చదువుకుంటున్నాడు, పాత హ్యుందాయ్ కొన్నాడు. అక్కడ ఆ కార్లే పోతున్నాయంటున్నారు?

ఇక్కడి హ్యుందాయ్ చూసి అక్కడిదీ అలాగే ఉంటుందనుకోకండి. అమెరికాలో ఇమ్మొబిలైజర్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. కెనడాలో 2007 నుంచి తప్పనిసరి. దాంతో అమెరికాలో అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో కీ తిప్పి స్టార్ట్ చేసే రకాలు చాలావరకు, 2021 మోడళ్ల దాకా, ఇమ్మొబిలైజర్ లేకుండానే వచ్చాయి. అలాంటి కార్లను అసలు కీ లేకుండా స్టార్ట్ చేసే కిటుకు వీడియోల్లో పాకి, కుర్రాళ్లు ఆటగా కార్లు ఎత్తుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాయి. అది చేయిస్తే అలారం 30 సెకన్లకు బదులు ఒక నిమిషం మోగుతుంది, ఇగ్నిషన్‌లో అసలు కీ లేనిదే బండి స్టార్ట్ కాదు. మీ అబ్బాయిని కారు గుర్తింపు నంబర్ (వీఐఎన్) చెప్పి డీలర్‌ను అడగమనండి, అప్‌డేట్ అయ్యిందో లేదో అప్పటికప్పుడు చెబుతారు. చేయించాక కారు దిగిన ప్రతిసారీ రిమోట్‌తోనే లాక్ చేయాలి, అలా చేస్తేనే ఆ రక్షణ ఆన్ అవుతుంది. అద్దానికి స్టిక్కర్ ఇస్తారు, అది కూడా అతికించమనండి, లేకపోతే కారు ఎత్తుకుపోలేకపోయినా అద్దం మాత్రం పగులుతుంది.